సాకిన్ ఏది? దళిత బాధితుల చిరునామా – చట్టం, చరిత్ర

ఠాణాలో దరఖాస్తు తీసుకునే రైటరు వరసగా కొన్ని సంగతులు అడుగుతాడు. పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, వయసు, కులం, వృత్తి, సాకిన్. సాకిన్ అంటే నివాసం. నిజాం కాలపు ఉర్దూ కాగితాల నుంచి తెలంగాణ ఠాణాల్లో, కోర్టుల్లో మిగిలిపోయిన మాట. ఈ గడుల్లో రెండు గడులు దళితులకు వేర్వేరు కావు. సాకిన్ చెప్పాక కులం అడగక్కరలేదు. సిద్దిపేట చుట్టుపక్కల పల్లెలు చూడండి. ఊరు ఒక దిక్కు, మాదిగవాడ, మాలవాడ ఇంకో దిక్కు. ప్రభుత్వం హరిజనవాడ అని పేరు మార్చినా, ఎస్సీ కాలనీ అని బోర్డు పెట్టినా, మనమే పోరాడి అంబేద్కర్ నగర్ అని పెట్టుకున్నా చిరునామా కులాన్ని చెప్తూనే ఉంది.

హింసకు గురైన మనిషి ఎక్కడుంటున్నదో హింస చేసినవాడికి తెలియకుండా చూడాలన్న ఆలోచన ఇప్పుడు చాలా దేశాల్లో చట్టమైంది. మన దేశంలోనూ కొన్ని చట్టాల్లోకి ఎక్కింది. అయితే పుట్టుకతోనే చిరునామా బయటపడి ఉన్న జనానికి ఈ రక్షణ ఏ మేరకు పనికొస్తుంది? అది ఎప్పుడు వచ్చింది, ఎందుకంత ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కూడా ఎక్కడ చిల్లు పడుతున్నది? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచింది ఇదే. ఇందులో కనిపించే పేర్లన్నీ ఇప్పటికే చరిత్రకెక్కినవి. సిద్దిపేట జిల్లాలో కేసు నడుపుకుంటున్న ఏ మనిషి పేరూ, ఊరూ మేము రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో చివర చెప్తాం.

ఊరిడిచిపోయే హక్కు లేని రోజులు

మన చరిత్రలో చిరునామా మొదట రక్షణ కాదు, సంకెల. నిజాం రాజ్యంలో సిద్దిపేట మెదక్ జిల్లాలో ఉండేది. తెలంగాణ అంతటా నడిచిన వెట్టి, భాగేలా ఇక్కడా నడిచినయ్. పెండ్లికో చావుకో దొర దగ్గర తెచ్చిన అప్పు కింద మనిషి జీతానికి కుదురుతడు. అప్పు తీరదు. తండ్రి తర్వాత కొడుకు అదే కొట్టంలోకి ఎక్కుతడు. దెబ్బలకు ఓర్వలేక రాత్రికి రాత్రి ఊరిడిచిపోతే వెతికి పట్టుకొచ్చే బలగం దొర చేతిల ఉండేది. ఊరి పెత్తనమంతా పటేలుది. పటేలు పంపే సుంకరి చాలా ఊళ్లలో మనోడే. ఏ వాడకు ఏ ఊళ్లో చుట్టరికం ఉన్నదో, ఎవరింటికి పిల్లనిచ్చిండ్రో ఆయనకు తెలుసు. పారిపోయినోడు దాక్కునే చోటు మేనమామ ఇల్లో, అక్క ఇల్లో అయితది. అంటే చిరునామాను పట్టించే చిట్టా రెవెన్యూ దఫ్తరంలో లేదు, మన బంధుత్వాలలోనే ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మళ్లీ పనికొస్తుంది.

1936లో నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాల మీద నిబంధనలు తెచ్చింది. గడి ముందు ఆ కాగితానికి బలం లేకపోయింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో పోయింది. ఈ మధ్యకాలంలో మనవాళ్లు తమంతట తాము కనిపెట్టుకున్న రక్షణ ఒకటే, దూరం. సిద్దిపేట, దుబ్బాక దిక్కు నుంచి బొంబాయి, భివండి, ఆ తర్వాత దుబాయి పోయినోళ్లలో కరువుకు పోయినోళ్లే ఎక్కువ. కానీ ఊరి కంటికి దూరంగా బతకాలని పోయినోళ్లూ అందులో ఉన్నరు. చిరునామా మార్చుకోవడం, దాన్ని చెప్పకపోవడం మనకు చట్టం నేర్పిన విద్య కాదు. చట్టం కంటే ముందే నేర్చుకున్నం.

కారంచేడు, చుండూరు: దాచని చిరునామా

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారం చేశారు. మిగిలినవాళ్లు చీరాలకు చేరారు. అక్కడ జరిగిన పని మన చరిత్రలో కొత్తది. వాళ్లు చుట్టాల ఇళ్లలోకి చెదిరిపోలేదు. చీరాలలో శిబిరం వేసి, మేమిక్కడ ఉన్నం అని లోకానికి చెప్పారు. కారంచేడు తిరిగి పోం అన్నారు. ఆ శిబిరం చుట్టూ కదిలిన జనం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్లతో అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. బాధితులకు చీరాలలోనే విజయనగర్ కాలనీ వచ్చింది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి కాలువలో పడేశారు. బతికినవాళ్లు తెనాలికి పోయి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. చనిపోయినవాళ్లను ఊరి నడుమన పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టారు. అంతటితో ఆగలేదు. విచారణ కోసం మేము ఎక్కడికో పోవడం కాదు, కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టారు. సాధించారు. చుండూరులోనే ప్రత్యేక న్యాయస్థానం కూర్చుంది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

సరిగ్గా ఆ 1991లోనే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం ఒక పద్ధతి పెట్టింది. కొట్టే భర్త నుంచి తప్పించుకున్న స్త్రీకి ప్రభుత్వమే ఒక మారు చిరునామా ఇస్తుంది. ఓటరు నమోదు, ఆఫీసు కాగితాలు, ఉత్తరాలు అన్నీ ఆ చిరునామా మీదే నడుస్తాయి. వచ్చిన ఉత్తరాన్ని ప్రభుత్వమే ఆమె అసలు ఇంటికి చేరుస్తుంది. ఆమె ఎక్కడుంటున్నదో ఏ ఆఫీసు గుమాస్తాకూ తెలియదు. తర్వాత అక్కడి చాలా రాష్ట్రాలు దీన్ని తీసుకున్నాయి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది గొప్ప అని తేల్చడం మా ఉద్దేశం కాదు. రెండూ రెండు రకాల ఆపదకు వచ్చిన రెండు జవాబులు. వాడ మొత్తం మీద దాడి జరిగినప్పుడు వాడ మొత్తం ఒకచోట కూడి, చిరునామాను చాటి చెప్పడమే కాపలా. వేయి కళ్లు చూస్తున్న శిబిరం మీద చెయ్యి వేయడం కష్టం. కానీ శిబిరం ఎత్తేసిన మరునాడు ఏమవుతుంది? సాక్షి ఒక్కడే కూలికి పోతడు. పిల్ల ఒక్కతే హాస్టలు నుంచి వస్తది. కులం కాదన్న పిల్లగాన్ని చేసుకున్న ఆడపిల్ల ఒక్కతే కిరాయి గదిలో ఉంటది. ఒక్కొక్కరుగా బతకాల్సి వచ్చిన ఆ కాలానికి మన ఉద్యమం దగ్గర ఏర్పాటు లేకపోయింది. రాజ్యం దగ్గర ఉన్నది, కానీ అది మన కోసం తీయలేదు.

టాడాలో రాసిన మాట

రాజ్యం దగ్గర ఉన్నదని ఊరికే అనడం లేదు. 1987 టాడా చట్టం 16వ సెక్షన్ చూడండి. సాక్షి ఎవరో, అతని చిరునామా ఏమిటో రహస్యంగా ఉంచేందుకు కోర్టు తగిన చర్యలు తీసుకోవచ్చునని అందులో స్పష్టంగా రాశారు. అంటే చిరునామా దాచడమనే ఊహ మన పార్లమెంటుకు 1987 నాటికే తెలుసు. దాన్ని చట్టం భాషలో ఎలా రాయాలో కూడా తెలుసు. టాడా పోయి 2002లో పోటా వచ్చినా, తర్వాత ఉపా చట్టంలో అయినా ఆ ఏర్పాటు పోలేదు.

టాడా వచ్చిన రెండేళ్లకు, 1989లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కారంచేడు నెత్తురు ఆరకముందే వచ్చిన చట్టం. అందులో ప్రత్యేక కోర్టులున్నాయి, శిక్షలున్నాయి, సాక్షులకు ప్రయాణ ఖర్చుల ప్రస్తావన ఉంది. సాక్షి చిరునామా గురించి ఒక్క ముక్క లేదు. ఊరి దొరకు, భూస్వామికి ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పే కూలిమనిషికి ప్రమాదముందని పార్లమెంటుకు తట్టలేదా? తనకు భయమున్న చోట రాజ్యం సాక్షిని దాచింది. మనకు భయమున్న చోట సాక్షిని వాడలోనే వదిలేసింది.

ఇంకో సంగతీ దాచకుండా చెప్పుకోవాలి. టాడా కింద తెలంగాణ పల్లెల నుంచి ఎందరో దళిత, బీసీ యువకులు జైళ్ల పాలయ్యారు. ఎవరు తమ మీద సాక్ష్యం చెప్పిండ్రో తెలియకుండా కేసు ఎదుర్కోవాల్సి రావడం ఎంత అన్యాయమో మనకు అనుభవం ఉంది. కాబట్టి రహస్యం అన్న మాట వినగానే ఎగిరి గంతేసే పరిస్థితి మనకు లేదు. ఆరోపణ చేసిన మనిషి ఎవరో ముద్దాయికి తెలియాలి, అడ్డ ప్రశ్నలు వేసే హక్కు ఉండాలి. కానీ ఆ మనిషి ఇవ్వాళ రాత్రి ఎక్కడ పడుకుంటున్నదో తెలుసుకునే హక్కు ముద్దాయికి ఏ న్యాయసూత్రం కిందా లేదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లకు ఈ తేడా చెప్పాలి.

పేరుకు కాపలా, ఇంటికి లేదు

1978లో హైదరాబాద్ నల్లకుంట ఠాణాలో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. హైదరాబాద్ భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో పోలీసుల తరఫున జరిగిందేమిటంటే ఆమె పుట్టిన ఊరు, పెళ్లి, బతికిన ఇల్లు అన్నీ తిరగేసి ఆమెను చెడ్డమనిషిగా నిలబెట్టడం. కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె పేరు మాత్రం దేశమంతా తెలిసిపోయింది. రమీజాబీ, మహారాష్ట్రలోని ఆదివాసీ అమ్మాయి మథుర – ఈ కేసుల మీద లేచిన స్త్రీల ఉద్యమం వల్ల 1983లో శిక్షాస్మృతిలోకి 228-ఎ సెక్షన్ వచ్చింది. అత్యాచార బాధితురాలి పేరు గానీ ఆమె ఎవరో తెలిసే ఏ వివరం గానీ అచ్చు వేస్తే శిక్ష. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్.

ఇది మంచి సెక్షనే. కానీ ఇది అచ్చుకు కాపలా, ఇంటికి కాదు. అదీగాక ఒక పట్నం స్త్రీకి పనిచేసినట్టు వాడ స్త్రీకి పనిచేయదు. పేపరులో పేరు తీసేసి, ఫలానా మండలం ఫలానా గ్రామానికి చెందిన దళిత వివాహిత అని రాస్తారు. పాతిక ఇళ్ల వాడలో ఆ వయసు మనిషి, ఆ రోజు ఆస్పత్రికి పోయిన మనిషి ఎవరో చిన్నపిల్లను అడిగినా చెప్తది. ఊరి పేరు, కులం రెండూ కలిస్తే మన విషయంలో అదే చిరునామా. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, మనిషిని దూరంగానైనా గుర్తుపట్టించే వివరాలు రాయొద్దన్నది. మన జిల్లా ఎడిషన్లకు ఆ మాట ఇంకా చేరినట్టు లేదు.

2019 నవంబరులో మూడు రోజుల తేడాతో తెలంగాణలో ఇద్దరు స్త్రీలపై అత్యాచారం చేసి చంపారు. ఒకరు శంషాబాద్ దగ్గర చనిపోయిన డాక్టరు, ఇంకొకరు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లమ్ముకునే సంచార కులపు స్త్రీ. ఇద్దరి అసలు పేర్లూ మొదట బయటికి వచ్చాయి. తర్వాత ఒకరిని దిశ అన్నారు, ఇంకొకరిని సమత అన్నారు. సమత కేసులో 2020 జనవరి 30న ఆదిలాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ముగ్గురికి మరణశిక్ష వేసింది. మారుపేరు మంచి పద్ధతే. కానీ చనిపోయిన మనిషికి మారుపేరు ఇచ్చినంత తొందరగా బతికున్న మనిషికి మారు చిరునామా ఇవ్వడం మన వ్యవస్థకు చేతకాలేదు.

2016 తర్వాత

అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన పెద్ద సవరణ 2016 జనవరి 26 నుంచి అమలైంది. అందులో కొత్తగా చేరిన 15-ఎ సెక్షన్ ప్రతి దళిత కార్యకర్త నోటికి రావాలి. బాధితులకు, సాక్షులకు రక్షణ, విచారణ కాలంలో ఖర్చులు, పునరావాసం, వేరే చోటికి తరలింపు హక్కులయ్యాయి. ఎనిమిదో ఉపసెక్షన్ ఇంకా ముఖ్యం. కోర్టు ఉత్తర్వుల్లో, తీర్పుల్లో, జనం చూడగలిగే కేసు రికార్డుల్లో సాక్షుల పేర్లు, చిరునామాలు కనపడకుండా చేయవచ్చు. వాటిని ఎవరూ బయటపెట్టకూడదని ఆదేశించవచ్చు. వేధింపుల ఫిర్యాదు వస్తే అవసరమైతే అదే రోజు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. టాడాలో 1987లో రాసిన మాట మన చట్టంలోకి రావడానికి 29 ఏళ్లు పట్టింది.

2018 డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతా చట్టంలాగే అమలు చేయాలన్నది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది. సాక్షి ఉనికి దాచడం, మకాం మార్చడం దీంట్లో ఉన్నాయి. కానీ ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది, ఈ పథకం ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాలకు, స్త్రీల మీద జరిగే కొన్ని నేరాలకే వర్తిస్తుంది. అత్యాచారాల చట్టం 3(1) కింద వచ్చే నేరాలకు, అంటే కులం పేరుతో తిట్టడం, భూమి ఆక్రమించడం, సాంఘిక బహిష్కారం వంటివాటికి గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. అవి ఒంటరిగా ఉన్న కేసు ఈ గడప దాటదు. దానికి 15-ఎ ఒక్కటే దిక్కు. రెండోది, సాక్షికి ప్రమాదముందా లేదా అన్న నివేదిక రాసేది ఆ సబ్ డివిజన్ పోలీసు అధికారి. అట్రాసిటీ కేసును దర్యాప్తు చేయాల్సిందీ డీఎస్పీ హోదా అధికారే. తన దర్యాప్తులోని సాక్షికి తన హద్దుల్లో ప్రాణభయం ఉందని తానే రాయాలి. ఎందరు రాస్తారు?

చిరునామా ఎక్కడ కారిపోతది?

ఇక్కడ మేము ఒక తేడా చూపించదలచినం. చట్టం చిరునామా అన్న మాటను ఒకటే అన్నట్టు వాడుతుంది. కానీ దళిత బాధితులకు రెండు చిరునామాలు. పాత చిరునామా వాడ. అది ముద్దాయికి తాతల నాటి నుంచి తెలుసు. కోర్టు తీర్పులో దాన్ని కొట్టేసినంత మాత్రాన ఊళ్లో ఎవరికీ కొత్తగా దాగేదేమీ లేదు. దాచాల్సింది కొత్త చిరునామా. కిరాయి గది, పని చేసే చోటు, పిల్లలు చదివే హాస్టలు, మందులు తెచ్చుకునే ఆస్పత్రి.

ఆ కొత్త చిరునామా ఏయే దారుల్లో బయటపడుతుందో చూద్దాం. ఛార్జిషీటు నకలు ముద్దాయికి ఇవ్వాలి. సాక్షుల జాబితాలో ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, కులం, సాకిన్ ఉంటాయి. సమన్లు పట్టుకుని కానిస్టేబులు ఆ ఇంటికే వస్తడు, పక్కింటోళ్లను అడిగి వస్తడు. కుల ధ్రువీకరణ పత్రానికి తహసీల్దారు ఆఫీసు సొంత ఊళ్లో విచారణ చేస్తుంది. బాధితురాలు ఇప్పుడెక్కడుంటున్నదన్న ప్రశ్న అక్కడ లేస్తుంది. ఓటరు జాబితాలో ఇంటి నంబరు వరసన భర్త పేరుతో సహా ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. బెయిలు పిటిషను వచ్చినప్పుడు బాధితుల మాట వినాలని 15-ఎ చెప్తుంది. వాళ్లకు నోటీసు తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు కూడా అన్నది. ఎంతో విలువైన హక్కు. కానీ నోటీసు రావాలంటే చిరునామా ఇవ్వాలి. హక్కును వాడుకోవాలంటే ఆచూకీ చెప్పాలి. దీనికి చట్టంలో జవాబు రాయలేదు.

ఇవన్నీ దాటినా చివరిది ఒకటి ఉంది. సుంకరి రోజుల నుంచి మారని దారి, చుట్టరికం. ఎవరి పెండ్లికి వచ్చింది, ఎవరి చావుకు రాలేదు అన్న ముచ్చటలో ఆచూకీ తెలిసిపోతది. కిరాయి ఇల్లు అడిగినప్పుడు ఇంటామె మొదట అడిగేది మీరేమోళ్లు అనే. అబద్ధం చెప్తే భయం, నిజం చెప్తే ఇల్లు దొరకదు. అందుకే మనవాళ్లు మళ్లీ మనవాళ్లుండే బస్తీకే పోయి చేరుతరు. వెతికేవాడు కూడా మొదట అక్కడికే వస్తడు. అగ్రకుల స్త్రీ ఇల్లు మారితే చిరునామా మారుతుంది. దళిత స్త్రీకి ఇల్లు మారినా చిరునామాలో సగం, అంటే కులం, వెంటనే వస్తది.

చిన్న జిల్లా సంగతి

2016 అక్టోబరు 11కు ముందు సిద్దిపేట వాళ్లకు కలెక్టరు, ఎస్పీ సంగారెడ్డిలో. దూరాభారం. కూలి పోగొట్టుకుని పోవాలి. అదే రోజు మెదక్, కరీంనగర్, వరంగల్ జిల్లాల ముక్కలతో సిద్దిపేట జిల్లా అయింది, పోలీసు కమిషనరేట్ అయింది. ఆఫీసులు దగ్గరికొచ్చాయి. దాన్ని కాదనడం లేదు. కానీ జిల్లా చిన్నదైతే దాక్కునే చోటు కూడా చిన్నదవుతుందన్న సంగతి ఎవరూ లెక్కకు తీసుకోలేదు. ఎక్కువ మండలాల నుంచి సిద్దిపేటకు బస్సులో గంట, గంటన్నర. ముద్దాయి బంధువులు కూరగాయలమ్మేదీ, ఎరువులు కొనేదీ, కోర్టుకొచ్చేదీ ఈ పట్నానికే. జిల్లాకొక సఖి కేంద్రం అన్నారు. 2015 నుంచి నడుస్తున్న ఈ కేంద్ర పథకం కింద ఆపదలో ఉన్న స్త్రీ అయిదు రోజుల దాకా ఉండవచ్చు. వైద్యం, పోలీసు, వకీలు సాయం ఒకచోట దొరకడం మేలే. అయితే అది బోర్డు పెట్టుకుని నడవాల్సిన కేంద్రం, దాచే చోటు కాదు. చుండూరు కేసులో మొదటి తీర్పుకే 16 ఏళ్లు పట్టిన దేశంలో అయిదు రోజులు ఏ మూలకు?

2005 గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాల్లో ఒక మంచి మాట ఉంది. స్త్రీ కోరితే ఆమె తమ దగ్గర ఉన్నట్టు ఆశ్రయ గృహం ఎవరికీ చెప్పకూడదు, ముఖ్యంగా ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేసిందో వాళ్లకు. ఈ నియమాన్ని చూపించి, సొంత జిల్లాలో కాకుండా వేరే జిల్లాలో ఆశ్రయం అడగవచ్చు. జూబ్లీ బస్‌స్టాండ్ దాకా రాజీవ్ రహదారి మీద తమ డబ్బులతో పారిపోయి, ఆ తర్వాత ఎవరికీ దొరకకుండా కూలి చేసుకునే స్థితికి ఆమెను వదిలేయాల్సిన పని లేదు. తరలింపు ఆమె సొంత ఖర్చు కాదు, 15-ఎ కింద రాజ్యం బాధ్యత.

దాక్కోవలసింది ఎవరు?

2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు కులాంతర, మతాంతర వివాహాలు చేసుకున్న జంటల కోసం జిల్లా కేంద్రంలో సురక్షిత గృహాలు ఏర్పాటు చేసే సంగతి చూడమని ప్రభుత్వాలకు చెప్పింది. ఆ తీర్పు వచ్చి ఆరు నెలలు నిండకముందే, 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో మాల యువకుడు ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికొస్తుండగా నరికి చంపారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. 2022 మే 4న హైదరాబాద్ సరూర్‌నగర్‌లో, ముస్లిం యువతిని పెండ్లి చేసుకున్న దళిత యువకుడు నాగరాజును నడిరోడ్డు మీద చంపారు. ఆ జంట కొంతకాలం విశాఖపట్నంలో తలదాచుకుని తిరిగొచ్చిన జంట.

ఈ రెండు హత్యలు మనకు రెండు వైపులా పాఠం చెప్తున్నాయి. ప్రణయ్ దాక్కోలేదు, తన ఊళ్లో తలెత్తుకుని బతకాలనుకున్నాడు. నాగరాజు దాక్కున్నాడు, కానీ జీవితాంతం దాక్కోవడం ఎవరివల్లా కాదు. చిరునామా దాచడం అవసరమే. అదొక్కటే రక్షణ అనుకుంటే మాత్రం నేరం చేసినవాడు ఊళ్లో, నేరానికి గురైనవాడు అజ్ఞాతంలో ఉండడం న్యాయమైపోతుంది. వెట్టి కాలంలో మనల్ని ఊరు దాటనియ్యలేదు. ఇప్పుడు రక్షణ పేరుతో ఊరు వదిలిపొమ్మంటే చివరికి ఊరు వాళ్లదే అవుతుంది, వాడలోని ఇల్లు, కొద్దిపాటి ఇనాం భూమి, ఓటు అన్నీ వదులుకోవాల్సింది మనమే.

దీనికి జవాబు కూడా చట్టంలో ఉంది, ఎవరూ తీయరు. అత్యాచారాల చట్టం 10వ సెక్షన్ కింద నేరం చేసే అవకాశమున్న మనిషినే ఆ ప్రాంతం నుంచి వెళ్లగొట్టవచ్చు. మొదట ఇది షెడ్యూల్డ్, ఆదివాసీ ప్రాంతాలకే. 2016 నుంచి, అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతాలుగా ప్రభుత్వం గుర్తించిన చోట్లకు కూడా వర్తిస్తుంది. గుర్తించాల్సింది ప్రభుత్వం. గుర్తించమని ఒత్తిడి చేయాల్సింది మనం. సాకిన్ మార్చుకోవలసింది ముద్దాయి.

మనం చేయాల్సింది

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన సంగతి చెప్పుకుందాం. దళిత, హక్కుల సంఘాలం ఎక్కడ అత్యాచారం జరిగినా నిజనిర్ధారణకు పోయినం. నివేదికలు అచ్చేసినం. అందులో బాధితుల పేరు, వయసు, ఎవరి భార్య, ఏ వాడ, ఎవరెవరు చూసిండ్రు, ఇప్పుడెక్కడ తలదాచుకున్నరు అన్నీ రాసినం. నిజమని నమ్మించడానికి అది అవసరమనుకున్నం. పేపరోళ్లు నమ్మరు, పోలీసులు నమ్మరు, కాబట్టి వివరాలన్నీ ఉండాలనుకున్నం. ఆ పుస్తకాలు ముద్దాయి వకీలు చేతికి కూడా పోతాయని ఆలోచించలేదు. వేదిక మీద బాధితురాలిని నిలబెట్టి మాట్లాడించినం. రేపు ఆమె ఏ బస్సెక్కి ఎక్కడికి పోతదని అడగలేదు. ఈ తప్పు మాది కూడా. అందుకే ఈ వ్యాసంలో సిద్దిపేట బాధితుల పేరూ ఊరూ లేవు. చనిపోయినవాళ్ల పేర్లు వాళ్ల కుటుంబాలు కోరితే రక్తక్షేత్రంలో లాగా రాళ్ల మీద చెక్కుదాం. బతికున్నవాళ్ల ఇల్లు మాత్రం మన నోట, మన కాగితం మీద రాకూడదు.

కార్యకర్తలు వెంటనే చేయగలిగిన పనులున్నాయి. ఫిర్యాదు రాసే రోజే 15-ఎ కింద చిరునామా బయటపెట్టవద్దని ప్రత్యేక కోర్టుకు విడిగా దరఖాస్తు పెట్టాలి. అడగకపోతే కోర్టులు తమంతట తాము ఇవ్వడం అరుదు. కొత్త చిరునామా బదులు కేరాఫ్ చిరునామా ఇవ్వడానికి అనుమతి కోరాలి. అది వకీలుది కావచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థది కావచ్చు. స్వచ్ఛంద సంస్థల, వకీళ్ల సాయం తీసుకునే హక్కు ఆ సెక్షన్‌లోనే ఉంది. కేరాఫ్ అన్నది మన పల్లెల్లో అందరికీ తెలిసిన మాట. దుబాయి పోయినోడి ఉత్తరం కిరాణా దుకాణం కేరాఫ్ వచ్చేది. అమెరికాలో ప్రభుత్వం చేసే పనికి ఇక్కడ అదే తొలిమెట్టు. 15-ఎ అమలుకు రాష్ట్రాలు పథకం తయారు చేయాలని చట్టం చెప్తుంది కాబట్టి, ఆ పథకంలో మారు చిరునామా, వేరే జిల్లాలో ఆశ్రయం, పిల్లల హాస్టలు బదిలీ గోప్యంగా జరగడం చేర్చాలని అడగాలి. కలెక్టరు అధ్యక్షతన జరగాల్సిన జిల్లా విజిలెన్స్ మానిటరింగ్ కమిటీ సమావేశాల్లో ఎంత పరిహారం ఇచ్చారన్న లెక్కతో ఊరుకోవద్దు. ఎంతమంది సాక్షులకు చిరునామా గోప్యత ఉత్తర్వులు వచ్చాయి, 10వ సెక్షన్ ఎన్నిసార్లు వాడారు అని కూడా అడగాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. కొత్తగా బడిలో చేరిన పిల్లను ఏ ఊరు, ఏ వాడ అని తరగతిలో నిలబెట్టి అడగకండి. ఆ పిల్ల తల్లి ఎక్కడి నుంచి ఎందుకు వచ్చిందో మీకు తెలియదు. విద్యార్థి మిత్రులకు ఇంకో మాట. ఫోనులో ఫొటో తీసి పెట్టే ముందు వెనకాల కనిపించే ఇంటి నంబరు చూడండి.

అంబేద్కర్ ఊరిని విడిచి పట్నానికి పొమ్మన్నది ఊరు మన చిరునామాను కులంతో కట్టేసింది కాబట్టే. ఆ దారిలో పోయిన మనిషి వెనక ఎవరూ వెతుక్కుంటూ రాకుండా చూడడం ఇవ్వాళ మన పని. వాడలోనే ఉంటానన్న మనిషి ఇంటి ముందు నిలబడడం కూడా మన పనే. ఏది కావాలో తేల్చుకోవాల్సింది ఆమె. సాకిన్ గడిలో ఏం రాయాలో, ఎవరికి చూపాలో ఆమే చెప్పాలి.